గాజులో మిగిలిన ఊపిరి

ఆ పరిశోధనశాలలో ఏ గడియారం మొరాయించినా అందరూ అన్నింటినీ అనుమానించేవారు. లేజర్‌ని అనుమానించేవారు, అద్దాలని అనుమానించేవారు, కరెంటుని తిట్టేవారు, ఆఖరికి పక్క వీధిలో పోయే ట్రామ్‌ని కూడా వదిలేవారు కాదు. గాజు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళేవారు కాదు. "గాజు షెబెలాది" అన్నారంటే ఆ మాట అక్కడితో సరి. నలభై ఒక్క ఏళ్ళుగా బోహుష్ షెబెలా ఆ నేలమాళిగలో కూర్చుని చేసిన గొట్టాల్లో ఒక్కటి కూడా వెనక్కి వచ్చిన పాపాన పోలేదు. మనిషికి అంత మంచిపేరు ఉండకూడదు. ఆ పేరే చివరికి ఆయన గొంతుకు అడ్డం పడింది.

ఆయన చేసేది చూడడానికి ఏమంత గొప్పగా ఉండదు. జానెడు క్వార్ట్జ్ గాజు గొట్టం, రెండు చివర్లా కిటికీల్లా అతికించిన బిళ్ళలు, పక్కన చిటికెనవేలంత తోక, లోపల చిటికెడు అయోడిన్. గది వేడికే అది ఊదారంగు ఆవిరిగా లేస్తుంది. పై అంతస్తువాళ్ళు అందులోంచి ఆకుపచ్చ లేజర్ పంపుతారు. ఆ ఆవిరికి నచ్చే రంగు ఒక్కటే. లేజర్ వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా ముట్టుకోదు. అలా ఆవిరి చేత మెడ పట్టించి లేజర్‌ని ఒకే రంగు దగ్గర నిలబెడతారు. అప్పుడు ఆ కాంతి సెకనుకి అయిదు వందల అరవై మూడు లక్షల కోట్ల సార్లు ఊగుతుంది. ఆ ఊపే గడియారం. అంత వేగాన్ని నేరుగా లెక్కపెట్టే మిషన్ లేదు కనక, ఇంకో లేజర్‌తో కాంతి దువ్వెన ఒకటి తయారుచేస్తారు. సమానమైన ఎడంతో లక్షల పళ్ళున్న దువ్వెన. ఊగే కాంతిని ఆ పళ్ళ మధ్య పట్టి, లెక్కకి అందేంత నెమ్మదికి దించుతారు. ఇదంతా షెబెలాకి పనిలో చేరిన కొత్తలోనే ఎవరో చెప్పారు. "దువ్వెన మీది, జుట్టు నాది" అనేవాడాయన, బట్టతల తడుముకుంటూ.

గొట్టంలో అయోడిన్ తప్ప ఇంకేదీ ఉండకూడదు. రవ్వంత తేమ ఉన్నా అది ఆవిరిని మోచేత్తో పొడుస్తూనే ఉంటుంది, రంగు జారుతుంది, గడియారం తప్పుతుంది. చిక్కేమిటంటే గాజుకి రూపం తేవాలంటే నోటితో ఊదాల్సిందే, ఊపిరి నిండా తేమే. అందుకని రూపం వచ్చాక గొట్టాన్ని ఆమ్లంతో కడిగి, వాక్యూమ్ పంపుకి తగిలించి, ఓవెన్ వేడిలో మూడు వారాలు ఉంచుతారు. షెబెలా దాన్ని మగ్గబెట్టడం అనేవాడు. మగ్గిన గొట్టంలోకి మళ్ళీ ఊదడమనే మాట లేదు. అయోడిన్ నింపడం, తోకని మంటతో కరిగించి మూసేయడం. మూసేది రెండు క్షణాల పని. ఆ రెండు క్షణాలూ చెయ్యి రాయిలా ఉండాలి.

అరవై దాటాక ఆ చెయ్యే వణకడం మొదలుపెట్టింది.

ఆయన తండ్రికీ ఉండేది ఆ వణుకు. చివరి రోజుల్లో ముసలాయన చారు తాగుతుంటే చెంచాలో సగం చొక్కా మీదే ఒలికేది. డాక్టరు చూసి, ఇది వంశంలో వచ్చేదే, ప్రాణం తియ్యదు, పని మాత్రం తీసేస్తుంది అన్నాడు. మాత్రలు ఇచ్చాడు. అవి వేసుకుంటే చెయ్యి కాస్త ఆగేది, తల తిరిగేది. ఆ ఏడాది అక్టోబరులో షెబెలా తన బావమరిది ఊళ్ళోని సారా బట్టీకి వెళ్ళాడు. ఎవరి ప్లమ్ పళ్ళు వాళ్ళు పులియబెట్టుకుని, బట్టీ దగ్గర కాయించుకుని తెచ్చుకునే ఊళ్ళు అవి. బట్టీ పక్కన నిలబడి వేడివేడిగా రెండు గ్లాసులు వేసుకున్నాడు. మూడోది అందుకుంటుండగా చూసుకున్నాడు: చెయ్యి కదలడం లేదు. గ్లాసు అంచు దాకా నిండి ఉంది, చుక్క ఒలకడం లేదు. ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. బావమరిది మాత్రం, ఈసారి సరుకు ఘాటుగా కుదిరిందని మురిసిపోయాడు.

అప్పట్నుంచి షెబెలా బల్ల సొరుగులో దగ్గుమందు సీసా ఒకటి చేరింది. అందులో దగ్గుమందు లేదు. మంట దగ్గర మందు వాసన వస్తే ఎవరినైనా చెంప పగలగొట్టే మనిషి, నలభై ఏళ్ళు పనివేళల్లో బీరు చుక్క ముట్టని మనిషి, గొట్టం మూసే ముందు తలుపు గడియ పెట్టుకుని సీసా మూత తిప్పేవాడు. పావుగంట ఆగేవాడు. చెయ్యి నిలబడేది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయేది. అయినా గొట్టం చక్కగా మూసుకునేది.

మరుసటి మార్చిలో పైనుంచి పెద్ద పని వచ్చింది. సముద్రమే లేని దేశంవాళ్ళు సముద్రం మీదికి గడియారాలు పంపాలని మొదలుపెట్టారు. ఒకేలాంటివి రెండు గడియారాలు. నవంబరు పన్నెండున హాంబుర్గ్ రేవులో ఓడ ఎక్కి మూడు నెలలు నీళ్ళ మీద తిరుగుతాయి. ఒకదాన్ని ఒకటి సరిచూసుకుంటూ, ఆకాశంలోని ఉపగ్రహాల సాయం లేకుండా ఓడకి టైము చెబుతాయి. ఆ రెండింటికీ తల్లిలాంటిది రదానా. ముప్పై నాలుగేళ్ళ పిల్ల, డాక్టరేటు చేసింది, అయిదేళ్ళుగా ఇదే పని. ముందు బిగించినదానికి అక్క అనీ, తర్వాత బిగించినదానికి చెల్లెలు అనీ పేర్లు పెట్టుకుంది. ఆమె ఉద్యోగం గడువు డిసెంబరుతో తీరిపోతుంది. రెండు గడియారాలూ ఓడెక్కితేనే గడువు పొడిగిస్తారు.

షెబెలా ఎప్పటిలాగే ఒకటి ఎక్కువ వేసుకుని మూడు గొట్టాలు చేశాడు. మూసేటప్పుడు రెండు వందల పదహారో నంబరు పగిలింది. పదిహేడు బాగా వచ్చింది. పద్దెనిమిదోదాని తోక మొదట్లో సూదిమొనంత బెజ్జం కనిపించింది. పంపు నుంచి తీసి, బెజ్జం పూడ్చడానికి మంట పెట్టాడు. గాజు మెత్తబడి లోపలికి కూలడం మొదలైంది. కూలుతున్న గాజుని చూస్తే గాజు ఊదేవాడి నోరు దానంతట అదే ఊదే రబ్బరు గొట్టం కోసం వెతుక్కుంటుంది. ఆయన ఊదాడు. ఒక్క బుక్కెడు ఊపిరి. గోడ గుండ్రంగా లేచి నిలబడింది, బెజ్జం పూడింది, అందంగా ఉంది. అప్పుడు నాలుక మీద ప్లమ్ సారా రుచి తగిలింది ఆయనకి.

మళ్ళీ కడిగి, మళ్ళీ మూడు వారాలు మగ్గబెట్టాలి. అప్పచెప్పడానికి నాలుగు రోజులే ఉంది. ఆలస్యం ఎందుకని పైవాళ్ళు అడుగుతారు, రెండు గొట్టాలకి ఏమైందంటారు, చెయ్యి చూపించమంటారు. షెబెలా దాన్ని రెండంటే రెండు రోజులు ఓవెన్‌లో ఉంచి, అయోడిన్ నింపి మూసేశాడు. ప్రతి గొట్టానికీ ఒక పేజీ ఉండే నోటుబుక్కులో, వేడిలో ఉంచిన రోజులు అన్నచోట ఇరవై ఒకటి అని రాశాడు. నలభై ఒక్క ఏళ్ళలో ఆ పుస్తకంలో అదే మొదటి అబద్ధం. పదిహేడో నంబరు అక్కలోకి, పద్దెనిమిదో నంబరు చెల్లెల్లోకి వెళ్ళాయి.

*

సెప్టెంబరులో ఒకరోజు రదానా నేలమాళిగకి దిగొచ్చింది. పదకొండు కావస్తుండగా రొట్టె తినే వేళకి రోజూ వచ్చేదే, కానీ ఆ రోజు ఆమె చేతిలో రొట్టె లేదు.

"కాఫీ ఉందా షెబెలా గారూ?"

"ఉంది డాక్టరమ్మా. నిన్నటిది. మీ గడియారాల కంటే నమ్మకమైనదే."

ఆమె నవ్వలేదు. పీట లాక్కుని కూర్చుంది.

"చెల్లెలు మళ్ళీ జారింది. జులై నుంచీ ఇదే. రోజుకి సెకనులో ముప్పై లక్షల వంతు. తప్పేదేదో ఒకే లెక్కన తప్పితే సర్దుకోవచ్చు, ఇది రోజురోజుకీ మారుతోంది. ఇలా ఓడెక్కిస్తే ఒక్క రోజుకే వంద మీటర్లు దారి తప్పిస్తుంది."

"లేజర్ చూశారా?"

"మార్చేశాను. దువ్వెన విప్పి మళ్ళీ కట్టాను, రెండుసార్లు. కాంతిని మోసే తీగలన్నీ మార్చాను. చల్లబెట్టే పెట్టె మార్చాను. వీధిలో ట్రామ్ నడవని ఆదివారం పొద్దున వచ్చి కొలిచాను." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గాజు ఒక్కటే విప్పలేదు. అది విప్పితే అంతా మొదటికొస్తుంది. అయినా గాజు మీది కదా."

షెబెలా కప్పు బల్ల మీద పెట్టేసి చేతులు ఒళ్ళో దాచుకున్నాడు. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా.

"సాసేజ్ తింటారా? ఆవాలు వేసింది," అన్నాడు.

అంతలో పెత్రొవ్ గుట్ట మీది చర్చి గంటలు పన్నెండు కొట్టాయి. అంటే పదకొండయిందన్నమాట.

"చూడండి," అంది రదానా కళ్ళు తుడుచుకుంటూ. "పన్నెండు కొట్టేలోగా ఊరు లొంగకపోతే వెళ్ళిపోతామన్న స్వీడన్ సైన్యాన్ని బురిడీ కొట్టించడానికని ఈ ఊరు మూడు వందల ఎనభై ఏళ్ళుగా పదకొండింటికే పన్నెండు కొడుతోంది. గంటసేపు తప్పు! ఒక్కడైనా అడిగాడా? నేను సెకనులో ముప్పై లక్షల వంతు తప్పితే ఉద్యోగం పోతోంది."

షెబెలా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుని తర్వాత ఎన్నోసార్లు తన్ను తాను తిట్టుకున్నాడు.

ఆయనకి లెక్క తెలుసు. కొత్త గొట్టం చెయ్యడానికి వారం, మగ్గబెట్టడానికి మూడు వారాలు, గడియారంలో అమర్చడానికి ఇంకో వారం. ఓడ నవంబరు పన్నెండున. అక్టోబరు ఎనిమిది లోపు నోరు విప్పితే ఆ పిల్ల బతుకుతుంది. దాటితే ఇంక చెప్పినా చెప్పకపోయినా ఒకటే. రోజూ ట్రామ్‌లో వస్తూ, ఇవాళ చెప్పేస్తాను అనుకునేవాడు. రోజూ ఇంటికి వెళుతూ, రేపు అనుకునేవాడు. కక్కలేకా మింగలేకా సెప్టెంబరు గడిచిపోయింది. పైనుంచి రదానా అడుగులు వినిపిస్తూనే ఉండేవి. ఆమె ఒక్కో పరికరాన్నీ విప్పుతూ, బాగున్నదాన్ని మళ్ళీ బాగుచేస్తూ, తన బుర్ర మీద తనకే నమ్మకం పోగొట్టుకుంటోంది. నెల రోజుల్లో మనిషి సగమైంది.

అక్టోబరు మూడు, శుక్రవారం, ఆమె మెట్ల దగ్గర కలిసింది.

"సోమవారం ఓడవాళ్ళకి రాసేస్తున్నాను షెబెలా గారూ. తప్పు నా దువ్వెనదని. నేను కట్టడంలోనే ఎక్కడో పొరపాటు జరిగిందని. అక్కని ఒక్కదాన్నే తీసుకెళ్తారో, రెంటినీ వద్దంటారో వాళ్ళిష్టం."

"నిజంగా దువ్వెనదేనా?"

"ఇంకేం మిగిలింది చెప్పండి? ఇంకేమీ మిగల్లేదు కనక అదే," అంది ఆమె.

*

ఆదివారం మధ్యాహ్నం ఆయన భార్య విల్మా వెల్లుల్లి చారు వడ్డించింది. షెబెలా చెంచా ఎత్తితే చారు బల్లగుడ్డ మీద పడింది. రెండోసారీ పడింది. విల్మా లేచి వెళ్ళి, ఆయన కోటు జేబులోంచి దగ్గుమందు సీసా తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది.

"నీకు దగ్గు ఎప్పట్నుంచి?"

ఆయన చెంచా కింద పెట్టాడు.

"మా అన్న కాచిన సరుకు నా ముక్కుకి తెలీదనుకున్నావా? సంవత్సరం నుంచీ చూస్తున్నాను. ముసలితనంలో తాగుబోతు మొగుడు దొరికాడు, చేసుకున్న ఖర్మ అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు నిద్రలో ఆ అమ్మాయి పేరు కలవరిస్తున్నావు. ఏమిటిది బోహుష్? నీ మొహానికి అదొక్కటే తక్కువైందా?"

షెబెలాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతా చెప్పేశాడు. వణుకు, సీసా, ఊపిరి, నోటుబుక్కులో అబద్ధం. చెబుతుంటే చారు చల్లారిపోయింది. విల్మా చేతులు కట్టుకుని చివరిదాకా విన్నది.

"నలభై ఏళ్ళు నీ ఊపిరి మీద బతికాం," అంది. "ఒక్కటి తప్పు ఊదావు. ఊదితే ఊదావు, మనిషివి. దాన్ని ఆ పిల్ల మెడకి చుట్టి నువ్వు డిసెంబరులో రిటైరై పూలదండ వేయించుకుని ఇంటికొస్తే నీకు ఈ ఇంట్లో చారు పొయ్యను. తిను."

సోమవారం పొద్దున షెబెలా పై అంతస్తుకి వెళ్ళాడు. బూట్లు విప్పి, గది బయట ఉంచే చెప్పులు వేసుకుని లోపలికి అడుగుపెట్టాడు. రదానా తెర ముందు కూర్చుని ఉత్తరం చదువుకుంటోంది. ఆయన నిలబడే చెప్పాడు, ఒక్క ఊపున. ఆమె విన్నది. తర్వాత లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"మీరు ఇంత మంచివారని తెలుసు గానీ, ఇంత కాదు. నా కోసం మీ పేరు ఎందుకు పాడుచేసుకుంటారు? మీ గాజు తప్పు చెయ్యదు. ఊళ్ళో ఎవరూ నమ్మరు."

నెల రోజులు చెప్పడానికి భయపడ్డాడు. చెబితే నమ్మరని మాత్రం ఆయనకి కలలో కూడా తోచలేదు. నిస్సహాయంగా చుట్టూ చూసి, ప్రింటరులో ఉన్న ఆమె ఉత్తరాన్ని తీసి కుడిచేత్తో పట్టుకున్నాడు. చెయ్యి చాచాడు. కాగితం టపటపా కొట్టుకుంది. ఆ గదిలో పంపుల రొద మధ్య కూడా ఆ చప్పుడు వినిపించింది. ఎడమచేత్తో జేబులోంచి సీసా తీసి ఆమె ముందు పెట్టాడు.

"మూత తీసి వాసన చూడండి. మీ చెల్లెల్లో ఉన్నది అదే."

రదానా వాసన చూసింది. ఆమె మొహంలో రంగు పోయింది.

ఆ మధ్యాహ్నమే చెల్లెల్ని విప్పారు. దాని గొట్టాన్ని అక్క పక్కకి తెచ్చి, ఒకే ఆకుపచ్చ కాంతిని ఒకదాని తర్వాత ఒకదాంట్లోంచి పంపారు. పదిహేడో నంబరులో శుభ్రమైన ఆవిరి కాంతి దారి పొడుగునా పసుపుగా వెలిగింది. పద్దెనిమిదిలో అదే గీత మసకగా ఉంది. కొలిచే మిషన్ అవసరం కూడా లేకపోయింది. రదానా కాంతిని ఆపేసింది.

"సెప్టెంబరులో నేను మీ పీట మీద కూర్చుని ఏడ్చాను," అంది. గట్టిగా కూడా అనలేదు. "మీరు నాకు సాసేజ్ పెట్టారు."

ఆయన తల దించుకున్నాడు.

"వెళ్ళండి. ప్లీజ్. కాసేపు నా కళ్ళముందు ఉండకండి."

*

పరిశోధనశాల పెద్ద హినెక్ అరవలేదు. అరిస్తే బాగుండునని షెబెలాకి అనిపించింది. ఆయన కళ్ళజోడు తీసి, నుదురు రుద్దుకుని, అడగాల్సినవి అడిగాడు.

"ఇలాంటి గొట్టం ఇంకెవరైనా మూయగలరా?"

"జర్మనీలో ఒకాయన ఉండేవాడండీ. పోయిన ఏడాది పోయాడు."

"అంటే మీరే."

"నేనేనండీ."

"సరే. మీరే చేస్తారు. ఈ సంగతి గేటు దాటి బయటికి పొక్కదు. గొట్టం బాగా వస్తే డిసెంబరులో మర్యాదగా సాగనంపుతాను, అందరి ముందూ. కానీ రోజూ గేటు కాపలా లోయ్జా మీ చేత తాగుడు కనిపెట్టే మిషన్‌లో ఊదిస్తాడు. సున్నా రావాలి. మంట దగ్గర మందు అంటే నా చేతిలో ఏమీ ఉండదు, ఒక్క పాయింటు వచ్చినా ఆ రోజే బయటికి. మీకు తెలియంది కాదు."

తెలియకేం. దగ్గుమందు సీసా రదానా సొరుగులోకి వెళ్ళిపోయింది. షెబెలా నోటుబుక్కు తెరిచి, రెండు వందల పద్దెనిమిది పేజీలో ఇరవై ఒకటి కొట్టేసి, రెండు అని రాసి, కింద తేదీ వేశాడు.

కొత్తవి మూడు చేశాడు. గొట్టానికి రూపం తెచ్చేది లేత్ మీద కనక వణుకు అంత అడ్డం రాలేదు. ఊపిరి శుభ్రంగా ఉంది, దాని సంగతి రోజూ పొద్దున గేటు దగ్గర లోయ్జా మిషనే చెప్పేది. లోయ్జా ఒకప్పుడు ట్రామ్ నడిపినవాడు, షెబెలా ఈడువాడే. "ఊదరా, నీకేం కొత్తా," అని ఏడిపిస్తూ మిషన్ అందించేవాడు. సున్నా, సున్నా, సున్నా. మందు మానేసిన చెయ్యి మాత్రం మూడు వారాల్లో మరింత పాడైంది. చొక్కా గుండీలు విల్మా పెడుతోంది. రాత్రుళ్ళు పక్కమీద కూడా చెయ్యి దానంతట అది ఆడుతూనే ఉంది. ఓవెన్‌లో గొట్టాలు మగ్గుతున్న కొద్దీ, తన చేత కాదు అని ఆయనకి గట్టిపడుతూ వచ్చింది. ఎవరితోనూ అనలేదు. అనడానికి ఎవరున్నారు? రదానా పనికి కావలసిన మాట తప్ప మాట్లాడడం లేదు.

నవంబరు అయిదు, మూసే రోజు. రదానా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. షెబెలా నల్ల కళ్ళజోడు పెట్టుకుని, మోచెయ్యి బల్లకి నొక్కిపెట్టి, మొదటి గొట్టం తోకకి మంట పట్టాడు. మంట కొస దారి తప్పింది. గాజు ఒక పక్కే కరిగి, టక్ మని విరిగి లోపలికి గాలి పోయింది. మూడు వారాలు ఆ టక్‌తో పోయాయి. రెండోదానికి తోలు బెల్టుతో మణికట్టుని బల్ల అంచుకి కట్టించుకున్నాడు. చెయ్యి ఆగితే భుజం ఊగింది. అదీ పోయింది.

ఒకటే మిగిలింది. రెండు వందల ఇరవై ఒకటి. షెబెలా మంట ఆర్పేసి కూర్చున్నాడు. కళ్ళజోడు వెనక నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి స్వాధీనంలో లేదు. అరవై మూడేళ్ళ మనిషి, పిల్లలకి కూడా అంత ఏడుపు రాదు.

రదానా బయటికి వెళ్ళింది. మెట్లెక్కిన చప్పుడు, దిగిన చప్పుడు. తిరిగొచ్చి దగ్గుమందు సీసా బల్ల మీద పెట్టింది.

"వద్దు," అన్నాడు షెబెలా. "నీ చేత్తో ఇచ్చావంటే నీ మెడకీ చుట్టుకుంటుంది. అక్కడ పెట్టి బయటికి పో అమ్మాయ్. నువ్వు చూడలేదు."

"నేను చూడని పనులు ఇక్కడ ఒకసారి అయ్యాయి. ఈసారి కూర్చుని చూస్తాను," అంది ఆమె. ఆ పీటే లాక్కుని కూర్చుంది.

షెబెలా ఒక్క గ్లాసు తాగాడు. పావుగంట ఇద్దరూ గోడ గడియారం చూస్తూ గడిపారు. ఆయన చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. ఆడుతోంది. ఇంకాసేపటికి నెమ్మదించింది. ఆఖరికి నిలబడింది. అప్పుడు రదానా లేచి, తన మెడలోని ఉన్ని మఫ్లర్ తీసి ఆయన నోటికీ ముక్కుకీ అడ్డంగా కట్టి, వెనక ముడి వేసింది. పంపుకి తగిలించిన గొట్టంలోకి ఊపిరి పోదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె కట్టింది, ఆయన కట్టించుకున్నాడు.

మంట సన్నగా, నీలంగా నిలబడింది. తోక చుట్టూ ఒక్క చుట్టు తిరిగింది. గాజు మెత్తబడి, నడుం సన్నమై, తేనె తీగలా సాగి తెగింది. చివర చిన్న బొట్టులా గుండ్రంగా మూసుకుంది. రెండు క్షణాలు. ఆయన చేసిన రెండు వందల ఇరవై ఒక్క గొట్టాల్లో అంత చక్కగా మూసుకున్నది ఇంకొకటి లేదు.

చల్లారాక పైకి తీసుకెళ్ళి ఆకుపచ్చ కాంతి ముందు పెట్టారు. పసుపు గీత ఈ చివర నుంచి ఆ చివరికి వెలిగింది. రదానా మొహం చేతుల్లో దాచుకుంది. కాసేపటికి చేతులు తీసి, నెల తర్వాత మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది.

"హినెక్ గారు ఇవాళ ఊళ్ళో లేరు. వెనక గేటు నుంచి ఇంటికి వెళ్ళిపోండి షెబెలా గారూ. రేపు పొద్దున ఊదితే సున్నాయే వస్తుంది. డిసెంబరులో అందరి ముందూ..." ఆమె మాట పూర్తి చెయ్యలేదు.

షెబెలా నోటుబుక్కు తెరిచాడు. చెయ్యి ఇంకా నిలకడగానే ఉంది, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. నంబరు రెండు వందల ఇరవై ఒకటి. వేడిలో ఉంచిన రోజులు ఇరవై ఒకటి. మూసే ముందు ప్లమ్ సారా ఒక గ్లాసు తాగాను. నా అంతట నేనే తాగాను. ఊపిరి లోపలికి పోలేదు. వజ్రపు మొనతో గొట్టం అంచున నంబరూ తన పేరులోని మొదటి అక్షరమూ గీసి, మఫ్లర్ విప్పి మడతపెట్టి ఆమెకి ఇచ్చేశాడు. కోటు వేసుకుని ముందు గేటుకే నడిచాడు.

లోయ్జా గదిలో రేడియో పాడుతోంది.

"ఏరా, పొద్దున్నే ఊదావుగా. మళ్ళీ ఏమిటి?"

"మళ్ళీ ఊదుతాను. ఇవ్వు."

"పిచ్చి పట్టిందేంట్రా నీకు," అంటూనే లోయ్జా మిషన్ అందించాడు.

షెబెలా ఊదాడు. గాజులోకి ఊదినట్టే ఊదాడు, ఎక్కడా తెగకుండా, సన్నగా, సమంగా, ఊపిరితిత్తులు ఖాళీ అయ్యేదాకా.

"చాల్లేరా బాబూ, అది బుడగలా ఉబ్బదు," అని నవ్వబోయిన లోయ్జా, మిషన్ కీచుమనేసరికి ఆగిపోయాడు. అంకె చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. రేడియో కట్టేశాడు. ఎదురుగా తెరిచి ఉన్న, అంకెలు ఎక్కించే పుస్తకం వైపు చూసి, కలం అందుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఈ దిక్కుమాలిన మిషన్ ఇంతేరా. మొన్న పాలబండివాడికీ ఇలాగే తప్పు చూపించింది. బ్యాటరీ అయిపోయినట్టుంది. కూర్చో, టీ పెడతాను. రెండు మూడు గంటలు పోయాక మళ్ళీ ఊదుదువుగాని."

షెబెలా కూర్చోలేదు. చెయ్యి మళ్ళీ వణకడం మొదలైంది. దాన్ని జేబులో పెట్టుకోకుండా బల్ల మీదే ఉంచాడు, లోయ్జాకి కనిపించేలా.

"మిషన్ తప్పేం లేదు లోయ్జా," అన్నాడు. "ఊపిరి నాది. రాసుకో."